రోజూ నీళ్ళు పడుతున్నా ఎండిపోతున్న మెక్సికన్ లాన్: ఏప్రిల్ నుంచి మృగశిర దాకా ఏం చెయ్యాలి

ముందు మీరు చెప్పిన వివరాలు ఒకచోట పెడతాను. హైదరాబాద్ శివారులో సొంత ఇల్లు, ముందు భాగంలో 600 చదరపు అడుగుల మెక్సికన్ గడ్డి, కార్పెట్ (మట్టితో కోసి తెచ్చే గడ్డి చాప) పరిపించి ఏడాదిన్నర అయింది. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు బోరు నీళ్ళు పైపుతో కొడుతున్నారు. మార్చి ఆఖర్లో మాలి గడ్డిని నేలబారుగా కోసి పైన యూరియా చల్లాడు. ఏప్రిల్ సగానికొచ్చేసరికి ప్రహరీ గోడ వారన, కారు నిలిపే పేవర్ల పక్కన గడ్డి గోధుమరంగుకి తిరిగింది. మధ్యలో కూడా అక్కడక్కడా చాపంత మచ్చలు పడ్డాయి. నీళ్ళు ఇంకా పెంచాలా, మందు కొట్టాలా, పీకేసి కొత్త కార్పెట్ వేయించాలా అని మీ ప్రశ్న.

ప్రస్తుతానికి మూడూ వద్దు. కొత్త కార్పెట్ అయితే అసలే వద్దు. పాతది బతకని ఎండలో వేర్లు కోసి తెచ్చిన కొత్తది ఎలా బతుకుతుంది?

మన దగ్గర ఇళ్ళ ముందు వేసేవన్నీ వేడి దేశాల గడ్డే. మెక్సికన్, కొరియన్ పేర్లతో అమ్మేవి జోయిసియా రకాలు. సెలక్షన్ వన్ మన గరిక జాతిది. ఇవి 27 నుంచి 35 డిగ్రీల మధ్య హాయిగా పెరుగుతాయి. 42, 43 డిగ్రీలకి ఎదుగుదల తగ్గిస్తాయే కానీ, వేరు దగ్గర తేమ ఉన్నంతవరకు చావవు. ఇంటర్నెట్‌లో ఎక్కువగా కనిపించే సలహాలు ఫెస్క్యూ, బ్లూగ్రాస్ లాంటి చలిదేశాల గడ్డి గురించి రాసినవి. వాటిలో ఎప్పుడు ఎరువు వెయ్యాలి, ఎప్పుడు దుబ్బు తియ్యాలి అన్న తారీఖులు మనకి పనికిరావు. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో బెర్ముడా గడ్డి (గరిక జాతిదే) ఉన్న మనవాళ్ళకి ఇక్కడ రాసేది చాలావరకు సరిపోతుంది, చికాగోలో ఉన్నవాళ్ళకి సరిపోదు.

ఇక లెక్క చూద్దాం. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. మీ 600 చదరపు అడుగులు సుమారు 56 చదరపు మీటర్లు. ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణ ఎండకి ఈ రకం గడ్డి రోజుకి 4 నుంచి 5 మి.మీ. నీళ్ళు తాగుతుంది. వారానికి 28 నుంచి 35 మి.మీ. అంటే మీ లాన్‌కి వారానికి 1,570 నుంచి 1,950 లీటర్లు చాలు. అర అంగుళం పైపులో బోరు నీళ్ళు నిమిషానికి 15 లీటర్లు వస్తున్నాయనుకుంటే, రోజుకి ఇరవై నిమిషాల చొప్పున వారానికి 2,100 లీటర్లు పోస్తున్నారు. కావలసినదానికంటే ఎక్కువే. అయినా గడ్డి దాహంతో ఉంది, ఎందుకంటే ఒక్కో విడతకి పడేది 150 లీటర్లు, అంటే 2.7 మి.మీ. ఆ కాస్త నీరు ఆకుల మీదా, అడుగున పేరుకున్న ఎండుపీచులోనే ఆగిపోతుంది. మట్టిలోకి దిగేది అంగుళమైనా ఉండదు, పదకొండు గంటలకల్లా అదీ ఆవిరైపోతుంది.

నమ్మకం కుదరకపోతే తవ్వి చూడండి. పొద్దున నీళ్ళు పట్టిన గంట తర్వాత, పచ్చగా ఉన్న చోటే, పాత వంటింటి కత్తితో నాలుగంగుళాల చదరం కోసి మట్టితో సహా పైకి లేపండి. పై అంగుళం నల్లగా తడిగా ఉంటుంది. తెల్లటి సన్నటి వేర్లన్నీ ఆ అంగుళంలోనే అడ్డంగా అల్లుకుని ఉంటాయి. దాని కింద మట్టి పొడిపొడిగా రాలిపోతుంది, అందులో ఒక్క వేరూ ఉండదు. రోజూ పైపైన తడిపితే వేరుకి కిందికి దిగాల్సిన అవసరం రాదు. అలా పైపైనే పెరిగిన వేరు ఒక్క మధ్యాహ్నం ఎండకి మాడుతుంది, ఒకరోజు కరెంటు పోయి మోటారు ఆడకపోతే ఇక అంతే సంగతులు. చూశాక ఆ ముక్కని అలాగే పెట్టి కాలితో నొక్కి చెంబుడు నీళ్ళు పోయండి, అతుక్కుంటుంది.

ఇప్పుడు పొడవాటి స్క్రూడ్రైవర్ తీసుకుని ఎండిన మచ్చల్లో, పచ్చగా ఉన్న చోట్లలో గుచ్చుతూ పోండి. తడి మట్టిలో ఆరంగుళాలు సులువుగా దిగుతుంది. పొడి మట్టిలో రెండంగుళాలకే మొరాయిస్తుంది. టక్కుమని తగిలి ఆగిపోతే కింద ఇటుకముక్కో కాంక్రీటు పెళ్ళో ఉందని అర్థం. హైదరాబాద్ చుట్టుపక్కల కొత్త ఇళ్ళలో ఇది మామూలు సంగతి. కట్టడం అయ్యాక మిగిలిన చెత్తంతా ముందు ఖాళీలో పరిచేసి, పైన ఒక ట్రాక్టరు ఎర్రమట్టి పోసి కార్పెట్ వేసి వెళ్ళిపోతారు. మీరు చెప్పిన చాపంత మచ్చలు ప్రతి ఎండాకాలం అవే చోట్ల వస్తుంటే తొంభై పాళ్ళు కారణం ఇదే. రెండు మూడంగుళాల మట్టి ఎంత పోసినా అంతకంటే నీరు పట్టుకోలేదు. అక్కడ గడ్డి తీసి అడుగు లోతు తవ్వి రాళ్ళు ఏరి, మూడు వంతుల ఎర్రమట్టికి ఒక వంతు బాగా చివికిన ఎరువు కలిపి నింపాలి. కానీ ఇది జూన్‌లో చేసే పని. ఇప్పుడు ఆ మచ్చల చుట్టూ నాలుగు పుల్లలు గుచ్చి గుర్తు పెట్టుకోండి. వానలు పడ్డాక అంతా పచ్చబడి ఎక్కడ తవ్వాలో తెలియదు.

నీళ్ళ పద్ధతి మార్చడంలో చాలామంది తొందరపడతారు. రోజూ రెండుసార్లు తాగే గడ్డికి ఒక్కసారిగా మూడు రోజులకొకసారి అంటే వేరు దిగేలోపే ఆకు పోతుంది. మూడు నాలుగు వారాలు తీసుకోండి. మొదటి వారం సాయంత్రం తడి ఆపేసి, పొద్దున ఒక్కసారే 5 మి.మీ. ఇవ్వండి. నిమిషానికి 15 లీటర్ల లెక్కన 19 నిమిషాలు. రెండో వారం రోజు మార్చి రోజు 9 మి.మీ., అంటే 33 నిమిషాలు. మూడో వారం నుంచి మూడు రోజులకొకసారి 14 మి.మీ., అంటే 52 నిమిషాలు. చివరికి వారానికి అయ్యేది సుమారు 1,830 లీటర్లు, ఇప్పుడు మీరు పోసేదానికంటే తక్కువే. స్క్రూడ్రైవర్ నాలుగంగుళాలకి మించి దిగని చోట మాత్రం మూడో మెట్టుకి వెళ్ళకండి. అక్కడ రోజు మార్చి రోజు దగ్గరే ఆగాలి.

ఈ నిమిషాలన్నీ మీ పైపు ధార మీద ఆధారపడతాయి. 15 లీటర్ల బకెట్ పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. తొంభై సెకన్లు పడితే నిమిషానికి 10 లీటర్లు వస్తున్నట్టు, అప్పుడు పైన చెప్పిన సమయాలన్నీ ఒకటిన్నర రెట్లు చేసుకోవాలి. యాభై నిమిషాలు పైపు పట్టుకుని ఎవరూ నిలబడరు, మాలి అసలే నిలబడడు. అందుకే తిరిగే స్ప్రింక్లర్ ఒకటి కొనడం మంచిది. స్ప్రింక్లర్ వేసినా నీరు అంతటా సమంగా పడదు. నిటారు గోడల స్టీలు గ్లాసులు ఆరో ఎనిమిదో లాన్‌లో అక్కడక్కడా పెట్టి పావుగంట నడిపి, స్కేలుతో ఎన్ని మి.మీ. పడిందో కొలవండి. ఒకదాంట్లో 6, ఇంకోదాంట్లో 2 ఉంటే ఎండిన మచ్చకి కారణం అక్కడే దొరుకుతుంది. స్ప్రింక్లర్‌ని సగం దూరం జరిపి రెండో విడత వేస్తే ఆ తేడా చాలావరకు సర్దుకుంటుంది.

నీళ్ళు ఇంకకుండా పేవర్ల మీదికి పారుతున్నాయా? ఎర్రమట్టి పైన పొరకట్టినా, అడుగున నల్లరేగడి ఉన్నా ఇలా అవుతుంది. అలాంటప్పుడు పదిహేను నిమిషాలు పట్టి, అరగంట ఆపి, మళ్ళీ పదిహేను నిమిషాలు పట్టండి. మొదటి విడత నేలని మెత్తబరుస్తుంది, రెండోది లోపలికి దిగుతుంది. మెక్సికన్ గడ్డిలో ఇంకో చిక్కుంది. కోయకుండా వదిలేస్తే బొడిపెలు బొడిపెలుగా లేచి, అడుగున ఎండుపీచు మందంగా పేరుకుంటుంది. అరంగుళం దాటిన పీచు ఒకసారి పూర్తిగా ఎండిందంటే నీటిని లోపలికి పోనివ్వదు, పై నుంచే జార్చేస్తుంది. దాన్ని ఈ ఎండలో గీకి తీయించకండి, వేర్లు బయటపడతాయి. తోటపని ఫోర్కుతో నాలుగంగుళాలకొక పోటు చొప్పున, మూడు నాలుగంగుళాల లోతు పొడిచి, ఫోర్కుని కాస్త వెనక్కీ ముందుకీ ఊపి తియ్యండి. ముందురోజు తడిపి ఉంచితే పోట్లు సులువుగా దిగుతాయి. మొత్తం లాన్ అక్కర్లేదు, ఎండిన చోట్లా, గేటు నుంచి మెట్లదాకా మనుషులు నడిచే దారిలో చేస్తే సరిపోతుంది.

నీళ్ళు పట్టే వేళ తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఏడు లోపు. గాలి తక్కువగా ఉంటుంది, ఎండెక్కేలోపు నీరు ఇంకుతుంది, ఆకు త్వరగా ఆరుతుంది. సాయంత్రం పడితే రాత్రంతా ఆకు తడిగా ఉండి బూజు తెగుళ్ళకి దారి తీస్తుంది. హైదరాబాద్, నిజామాబాద్, కరీంనగర్ లాంటి చోట్ల మే నెల గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఈ ముప్పు తక్కువే, పొద్దున కుదరనివాళ్ళు సాయంత్రం పట్టినా కొంప మునగదు. విశాఖ, కాకినాడ వైపు ఉక్కపోతలో మాత్రం సాయంత్రం తడి మానేయడమే మంచిది. మిట్టమధ్యాహ్నం పడితే నీటిబొట్టు భూతద్దంలా ఆకుని కాలుస్తుందనేది వట్టి మాట. నష్టం ఎక్కడంటే, కొంత నీరు గాలికి పోతుంది, పైగా ఎండలో పడున్న పైపులో నీళ్ళు చెయ్యి పెట్టలేనంత కాగి ఉంటాయి. మేడ మీది నల్ల ట్యాంకు నీళ్ళదీ అదే తీరు. ఏ వేళప్పుడైనా పైపు ఎండలో ఉంటే మొదటి బకెట్ పక్కకి వదిలేశాకే గడ్డి మీద పట్టండి.

గోడ వారన, పేవర్ల పక్కన ముందు ఎండడానికి కారణం వేరు. పడమటి ఎండ తగిలిన గోడ, సిమెంటు పేవర్లు చీకటి పడ్డాక కూడా సెగ చిమ్ముతూనే ఉంటాయి, పక్కనున్న మట్టిని త్వరగా ఆరబెడతాయి. గోడ పునాది వల్ల అక్కడ మట్టి లోతు కూడా తక్కువ. ఆ అడుగు వెడల్పు అంచుకి మాత్రం మిగతా లాన్‌తో సంబంధం లేకుండా, తడి లేని రోజుల్లో పొద్దున పైపుతో విడిగా పట్టండి. ఏసీ నుంచి కారే నీటిని ఈ అంచుకి మళ్ళిస్తే ఇంకా మంచిది, అందులో ఉప్పు ఉండదు. ఏళ్ళ తరబడి అక్కడ గడ్డి నిలవకపోతే ఆ అడుగు మేర గులకరాళ్ళు పోసెయ్యడం తెలివైన పని. అందరూ గోడదాకా గడ్డే కావాలంటారు, ఆ పట్టుదలకి అర్థం లేదు.

ఎప్పుడు తడి ఇవ్వాలో గడ్డే చెబుతుంది. సాయంత్రం లాన్ మీద నడిచి వెనక్కి తిరిగి చూడండి. అడుగుల గుర్తులు ఐదు నిమిషాలయినా లేవకుండా ఉంటే, పచ్చదనం కాస్త నీలి బూడిద రంగుకి తిరిగితే, ఆకులు సూదుల్లా ముడుచుకుంటే మర్నాడు పొద్దున నీళ్ళు పట్టాలి. ఆ గుర్తులు కనిపించనంతవరకు వంతు రోజు వచ్చినా ఒక పూట ఆగవచ్చు.

మాలి చేసిన కోత సంగతి. "నేలమట్టంగా కొడితే కొత్తగా చిగురిస్తది సార్" అనే మాట ప్రతి మాలీ చెబుతాడు. మాట తప్పేం కాదు, కాలమే తప్పు. గడ్డిలో పైనుండే ఆకు మాత్రమే పచ్చగా ఉంటుంది, కింద గోధుమరంగు కాడ. ఆకంతా తీసేస్తే ఆహారం తయారు చేసుకోవడానికి ఏమీ మిగలదు, వేరు ఎదుగుదల ఆగిపోతుంది, నేరుగా ఎండ పడి మట్టి కాగుతుంది. అలాంటి కోత మృగశిర తర్వాత, నేల నిండా తడిసినప్పుడు చేయించుకోవాలి. ఎండాకాలంలో మెక్సికన్‌ని ఒకటిన్నర నుంచి రెండంగుళాలు, అంటే వేలికి రెండు కణుపుల ఎత్తు ఉంచాలి. సెలక్షన్ వన్ అయితే ఒకటిన్నర, వెడల్పాటి ఆకుల బఫెలో గడ్డి అయితే రెండున్నర నుంచి మూడు. ఎప్పుడూ ఎత్తులో మూడో వంతుకి మించి కోయకూడదు. మీ గడ్డి ఇప్పుడు పొట్టిగా ఉంది కాబట్టి రెండుంపావు అంగుళాలు వచ్చేదాకా మిషన్ ముట్టవద్దు, అప్పుడు ఒకటిన్నరకి దించండి.

జోయిసియా ఆకు గట్టిది, బ్లేడు పదును త్వరగా పోతుంది. కోసిన రెండో రోజు కొనలు తెల్లగా పీచుపీచుగా కనబడితే బ్లేడు మొద్దుబారిందని తెలుసుకోండి. చిరిగిన కొన నుంచి నీరు ఎక్కువగా పోతుంది. నైలాన్ తీగ తిరిగే బ్రష్‌కట్టర్‌తో లాన్ కొట్టించకండి. చెయ్యి కాస్త వంగితే అక్కడ గుండు కొట్టినట్టే అవుతుంది. కోత సాయంత్రం పూట, ఆకు పొడిగా ఉన్నప్పుడు. రాలిన ముక్కలు సన్నగా ఉంటే ఊడ్చెయ్యకుండా అక్కడే వదిలెయ్యండి, నేలకి నీడ అవుతాయి. ముద్దలుగా పడితే మాత్రం తీసెయ్యాలి.

యూరియా. కోత మీద కోతగా ఇది కూడా పడింది. తడి ఆకు మీద గింజ పడి అతుక్కున్న చోట చుక్కలుగా, చెయ్యి విసిరిన దారిలో చారలుగా మాడితే అది యూరియా పనే. ఒక గుండ్రటి చోట దట్టంగా మాడితే అక్కడ గుప్పెడు ఒలికిందన్నమాట. అలాంటి చోట రెండు రోజుల తేడాతో రెండుసార్లు బాగా నీళ్ళు పోసి కిందికి దింపెయ్యండి. ఇంకే నత్రజని ఎరువూ ఇప్పుడు వద్దు, వేరు లేని గడ్డి చేత ఆకు వేయించినట్టవుతుంది. వానలు మొదలయ్యాక 100 చదరపు అడుగులకి 50 గ్రాముల చొప్పున మీ లాన్ మొత్తానికి 300 గ్రాముల యూరియా చాలు. మూడు కిలోల పొడి ఇసుకలో కలిపి, ఆకు పొడిగా ఉన్నప్పుడు చల్లి, వెంటనే నీళ్ళు పట్టాలి. గుప్పెళ్ళ లెక్క మానేసి తూకం వెయ్యండి. పచ్చి పేడ, సగం చివికిన పెంట కూడా ఎండాకాలంలో వద్దు. కలుపు గింజలు, చెదలు, వేరుపురుగు అన్నీ అందులోనే వస్తాయి. వచ్చే ఏడు ఫిబ్రవరి ఆఖర్లో, ఎండ ముదరకముందే, జల్లించిన వర్మీకంపోస్టు 100 చదరపు అడుగులకి 5 కిలోలు, దానితో సల్ఫేట్ ఆఫ్ పొటాష్ 60 గ్రాములు వేసుకోండి. పొటాష్ అందిన గడ్డి ఎండని బాగా ఓర్చుకుంటుంది.

బోరు నీటి విషయం విడిగా చెప్పాలి. ముందు టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన ఉప్పుల్ని పీపీఎంలో చూపేది) పెట్టి చూడండి. 1,000 లోపు ఉంటే చింతలేదు. 1,000 నుంచి 2,000 మధ్య ఉన్నా జోయిసియా, గరిక తట్టుకుంటాయి, కానీ రోజూ కొంచెం కొంచెంగా పోస్తే నీరు ఆవిరై ఉప్పు పైనే మిగిలిపోతుంది. పొద్దున మట్టి మీద తెల్లటి పొర, ఆకు కొనలు మాడటం దాని గుర్తులు. నెలకొకసారి మామూలు తడికి రెట్టింపు, అంటే 28 మి.మీ., మూడు విడతలుగా ఇస్తే పేరుకున్న ఉప్పు వేరు కిందికి దిగిపోతుంది. మీకైతే అది 1,560 లీటర్లు. జిప్సం వెయ్యమని అందరూ చెప్తుంటారు. నీటిలో సోడియం ఎక్కువైతేనే అది పనిచేస్తుంది, 100 చదరపు అడుగులకి 2 కిలోలు. మామూలు గట్టి నీటికి దాని అవసరం లేదు. భూసార పరీక్షా కేంద్రంలో నీటి నమూనా ఇచ్చి, సోడియం లెక్క చూశాకే కొనండి. ఆర్వో ఫిల్టరు నుంచి వృథాగా బయటికొచ్చే నీటిలో, లోపలికి వెళ్ళిన నీటికంటే ఉప్పు ఎక్కువ, లాన్‌కి రోజూ వాడకండి. వాషింగ్ మెషిన్ నీళ్ళూ అంతే, సబ్బులోని సోడియం మట్టిని బిగదీస్తుంది.

తడి సరిగ్గా అందుతున్నా కొత్త ఆకులు లేత పసుపుగా, ఈనెలు మాత్రం పచ్చగా వస్తే అది ఇనుము లోపం. సున్నం పాలు ఎక్కువున్న నేలలో, బోరు నీటితో ఇది తరచూ వస్తుంది. అది చూసి యూరియా వేస్తే పసుపు పోదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం ఆకు మీద పిచికారీ చెయ్యండి. మీ లాన్‌కి 8 నుంచి 10 లీటర్ల మందునీరు పడుతుంది. బోరు నీటిలో కలపకండి, ఏసీ నీళ్ళో మంచినీళ్ళో వాడండి. నిమ్మ ఉప్పు ముందు కరిగించి ఆ తర్వాత అన్నభేది వెయ్యాలి. ద్రావణం లేత ఆకుపచ్చగా ఉండాలి, తుప్పు రంగుకి తిరిగితే పారబొయ్యండి. పది పన్నెండు రోజులకి ఇంకోసారి చేస్తే చాలు. పేవర్ల మీద, గ్రానైట్ మీద పడితే తుప్పు మరక పోదు, పాత గోనెలు కప్పి కొట్టండి.

మందు కొట్టాలా అన్నారు కదా, ఏ మచ్చ దేనివల్లో ముందు తేల్చుకోవాలి. ఎండిన గడ్డిని గుప్పిట్లో పట్టి లాగండి. చాప చుట్టినట్టు పైకి లేచొస్తే, కింద తెల్లగా వంకర తిరిగిన పురుగులుంటే అది వేరుపురుగు. దాని పెంకు పురుగులు తొలకరి జల్లులకి మట్టిలోంచి లేస్తాయి, పిల్లపురుగులు వేర్లు తినేది వానాకాలంలో. ఏప్రిల్‌లో దాన్ని అనుమానించాల్సిన పని దాదాపు ఉండదు. ఎండుగడ్డి మీద మట్టి గొట్టాలు కనిపిస్తే చెదలు. అవి చచ్చిన పీచుని తినడానికి వచ్చినవే, గడ్డిని చంపింది అవి కాదు. ఎండుపీచు పైపైన దంతెతో లాగి తీసి, 100 చదరపు అడుగులకి కిలో వేపపిండి చల్లి తడపండి. మధ్యలో మాడి చుట్టూ ముదురు పచ్చటి వలయం ఉంటే కుక్క మూత్రం, పోసిన వెంటనే బకెట్ నీళ్ళు కుమ్మరిస్తే మచ్చ పడదు. తెల్లవారుజామున మంచుతో పాటు సాలెగూడులాంటి దారాలు, ఆకుల మీద గోధుమ అంచుతో వెలిసిన మచ్చలు కనిపిస్తే బూజు తెగులు. ముందు సాయంత్రం తడి ఆపండి. వారంలో తగ్గకపోతే మాంకోజెబ్ అనే బూజుమందు లీటరుకి 2.5 గ్రాములు కలిపి కొట్టి, పూర్తిగా ఆరేదాకా పిల్లల్నీ కుక్కనీ రానివ్వకండి. మీరు చెప్పిన గుర్తులను బట్టి ఇవేవీ కావు, అందుకే మందు వద్దన్నాను.

తుంగ మాత్రం ఈ ఎండలోనూ కళకళలాడుతూ ఉంటుంది. కలుపుమందు జోలికి ఇప్పుడు పోకండి, నీరసించిన గడ్డికీ దెబ్బ తగులుతుంది. పట్టి లాగితే పైన తెగి గడ్డ లోపలే ఉండిపోతుంది. తడి ఇచ్చిన మర్నాడు, నేల పదునుగా ఉన్నప్పుడు తొలిక లోతుగా దింపి గడ్డతో సహా తియ్యాలి.

మేలో బోరు ఎండితే ఏంటి సంగతి? రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ రెండు వారాలకి చాలా కాలనీల్లో ట్యాంకర్లే దిక్కు. అప్పుడు లాన్‌ని నిద్రపుచ్చండి. నీళ్ళు తగ్గించి అరకొరగా రోజూ చిలకరించడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి, గడ్డి చిగుళ్ళు వేస్తుంది, అవి మాడతాయి, తీగలో దాచుకున్నదంతా అలా ఖర్చయిపోతుంది. పూర్తిగా ఆపేసి పదిహేను రోజులకొకసారి మాత్రం 12 మి.మీ., మీకు 670 లీటర్లు, ఇస్తే పైన గోధుమరంగుకి తిరిగినా లోపలి తీగ బతికే ఉంటుంది. ఆ రోజుల్లో లాన్ మీద నడవకూడదు, కోయకూడదు. జోయిసియా, గరిక ఇలా కొన్ని వారాలు తట్టుకుంటాయి, బఫెలో తట్టుకోదు. ఉన్న కాస్త నీళ్ళు చెట్లకి పొయ్యండి. లాన్‌ని ఒక వానాకాలంలో మళ్ళీ తెచ్చుకోవచ్చు, మామిడిచెట్టు పోతే పదేళ్ళు. బెంగళూరులో ఉన్న మనవాళ్ళకి ఇంకో మాట: 2024 మార్చిలో అక్కడి జలమండలి తోటలకి తాగునీరు వాడకుండా నిషేధించి 5,000 రూపాయల జరిమానా పెట్టింది. కాబట్టి లాన్‌కి ఏ నీరు పడుతున్నారో ముందే చూసుకోండి.

ఎండిన మచ్చ చచ్చిందా, నిద్రపోతోందా తెలియాలంటే నేల మీద పాకే తీగ ఒకటి తీసి గోటితో గీకండి. లోపల తెల్లగానో లేత పచ్చగానో, గట్టిగా ఉంటే బతికున్నట్టే. బోలుగా, పెళుసుగా విరిగితే పోయినట్టు. ఒక మచ్చలో నాలుగైదు చోట్ల చూడండి. బతికున్నవాటిని ముట్టుకోవద్దు.

పోయినవాటికి కొత్త కార్పెట్ మృగశిర కార్తె వచ్చాక, జూన్ రెండో వారం దాటి రెండు మంచి వానలు పడ్డాక వేయించండి. పుల్లలు గుచ్చిన చోట్ల రాళ్ళు తీసి మట్టి మార్చే పని ఆ ముందు వారంలో ముగించాలి. మచ్చ రెండు మూడు అడుగుల లోపుంటే డబ్బులు పెట్టి కొనక్కర్లేదు. మీ లాన్‌లోనే బాగున్న చోట నుంచి మూడంగుళాల చదరాలు మట్టితో కోసి, ఆరంగుళాల ఎడంగా నాటితే వానాకాలం ముగిసేసరికి చాలావరకు కమ్ముకుంటుంది. జోయిసియా నిదానంగా పాకుతుంది, తొందరపడకండి. కొనేటట్టయితే, కడియం నుంచి లారీలో వచ్చినదైనా దగ్గరి నర్సరీదైనా, కట్టలోపలికి చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉండి పులిసిన వాసన వస్తే లోపల ఉడికిపోయిందన్నమాట, వెనక్కి పంపించండి. దించిన రోజే పరిచి, అతుకులు ఒకదానికొకటి ఆనేలా నొక్కి, సందుల్లో ఇసుక కలిపిన మట్టి నింపి, మొదటి పది రోజులు వాన లేని పూట పొద్దునా సాయంత్రం తేలికగా తడపండి. పదో రోజున ఒక మూల పట్టి మెల్లగా లాగి చూడండి. పైకి రాకుండా నేలని పట్టుకుని ఉంటే, ఆ రోజు నుంచే పైన చెప్పిన మెట్ల పద్ధతిలో తడి మధ్య రోజులు పెంచుకుంటూ పోవచ్చు.